గంగాసాగర యాత్ర



కోల్‌కతాలో ముప్పదియేండ్లు కేంద్ర ప్రభుత్వోద్యోగము చేసిన ఒక ఆంధ్రుని తల్లి గంగాసాగరము చూపుమని అడుగుచుండెడిది. సెలవు దొరకలేదను మాటయే ఆమెకు జవాబు. తుదకాయన, భార్యతో కలసి, ఆమె అస్థికలు గొని పోయెను.

వేకువనే బయలుదేరి కాక్‌ద్వీప్ చెంత 8వ నంబరు లాట్ రేవు చేరునప్పటికి పోటునీరు తీసిపోయెను. మురిగంగ ఒండ్రుతో మేటవేసినందున అట్టివేళ లాంచీలు కదలవు. నదికి సెలవుచీటీ పనికిరాదు గదా! మూడు గంటలు గడచినవి. ఆవలి కచుబేరియా నుండి ఆలయమునకు మరి 30 కిలోమీటర్లు.

సగరపుత్రుల భస్మమును తడుపుటకు భగీరథుడు గంగను తెచ్చినది ఇచ్చటికే యందురు. కపిలముని ఆలయములను సముద్రము పలుమార్లు మ్రింగగా, నేటిది 1970 దశకమున వెనుకకు జరిపి కట్టిరి. తీరమింకను కోసికొనిపోవుచునే యున్నది.

నిమజ్జనమైన పిదప "చూచితిరా అత్తగారూ!" అని కోడలు మెల్లగా ననెను. ఆయన గడియారము చూచెను. తిరుగు లాంచీకి వేళ యగుచుండెను.