ఘోరవార్తలు - నలుగురి గోష్ఠి

"చావుకబురు చల్లగా చెప్పినట్లు" అని మనవారొక సామెత వాడుదురు. అది యెగతాళిమాట. వేళకు చెప్పక, తీరికగా వచ్చి నింపాదిగా చెప్పువానిని గూర్చి పుట్టినది. నేడా సామెత తలక్రిందైనది. శవము నేలనుండి లేవకముందే చావుకబురు వేడివేడిగా మన చేతిలోని ఫోనునకు వచ్చి చేరుచున్నది. చేరినపిమ్మట మనము ఊరకుందుమా? అరుగుమీదను, రైలుపెట్టెలోను, గుడిమండపమునను, గ్రంథాలయపు వసారాలోను దానినే ముచ్చటింతుము. ఎవరు చంపిరి, ఎట్లు చంపిరి, ఎందరు చచ్చిరి, చంపినవానిని ఏమి చేయవలెను - ఇదియే గోష్ఠి.

ఇట్టి వార్తలను నలుగురు చేరి చర్చించుట తగునా తగదా యనునది నేటి నా ప్రసంగవిషయము. తగదనువారు నా మిత్రులలోనే పలువురు కలరు. వారి వాదము త్రోసివేయదగినది కాదు. ఘోరమును పదిమార్లు చెప్పుకొన్నచో మనసు మొద్దుబారునని యొకరు. పిల్లలు జడిసికొందురని యొకరు. దుర్మార్గుడు కోరినది ఆ ప్రసిద్ధియే గదా, దానిని మన నోటితో మనమే యిచ్చుచున్నామని వేరొకరు. వీనిలో ప్రతిదానియందును నిజము కలదు. అయినను నేను చర్చింపవలెననువాడనే. ఏలయన, చర్చ మానినంతమాత్రమున మాట ఆగదు. బయట మానినచో లోపల సాగును. వెలుతురులో మానినచో చీకటిలో సాగును.

మన సాహిత్యమున ఘోరవార్తలు చెప్పు నుద్యోగము సంజయునిది. వ్యాసుడు వానికి దివ్యదృష్టి నిచ్చెనని యెల్లరు నెరుగుదురు. కాని ఆతడు వార్త చెప్పిన క్రమమును గమనించువారు తక్కువ. యుద్ధము మొదలైన నాటినుండి పూటపూటకు వచ్చి చెప్పెనని పలువురు తలంతురు. భీష్మపర్వమున నట్లు లేదు. పదవనాడు భీష్ముడు పడిన పిమ్మట సంజయుడు రణరంగమునుండి వచ్చి, మొట్టమొదట భీష్ముడు పడెనను మాట చెప్పెను. ధృతరాష్ట్రుడు కూలబడి విలపించెను. ఆ విలాపము ముగిసి, రాజు తానుగా అడిగిన తరువాతనే సంజయుడు మొదటినుండి కథ నెత్తుకొనెను. ద్రోణుని విషయమునను, కర్ణుని విషయమునను ఇదే పద్ధతి. ముందు వార్త, పిదప శోకమునకు చోటు, ఆ పిదప వృత్తాంతము. మరియొక విశేషమేమనగా, ఈ నాశనమునకు నీ పుత్రవ్యామోహమే కారణమని రాజు మొగముమీదనే ఆతడు చెప్పెను. రాజుగారి కొలువులో నున్న వార్తాహరుడు రాజుతో ఆ మాట యనగలిగినాడు! నేటి వార్తాహరులను గూర్చి నేనిక్కడ ఏమియు ననను.

ఇక మనకాలపు సంగతికి వచ్చెదను. 2018వ సంవత్సరమున మన దేశమందు పలుచోట్ల ఒక పుకారు పుట్టినది. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్ సందేశములు, చలనచిత్రములు ఇంటింటికి పాకినవి. మన తెలుగుజిల్లాలును వాని బారి తప్పించుకొనలేదు. ఆ యేడు జూలై 1వ తేదీ, ఆదివారమునాడు, మహారాష్ట్రమున ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమునకు సంతకు వచ్చిన భిక్షుక సంచారజాతివారిని అయిదుగురిని పట్టి, పంచాయతీ కార్యాలయపు గదిలో పెట్టి కొట్టి చంపిరి. వారు యాచనకు వచ్చినవారే గాని పిల్లలదొంగలు కారు. చంపినవారు పుట్టుకతో హంతకులా? కారు. తమ బిడ్డలకు వెరచిన తల్లిదండ్రులు, సంతకు వచ్చిన రైతులు. చావును గూర్చిన వట్టిమాట ఒకటి చావును తెచ్చినది.

ఆ సంవత్సరమున తిరిగిన చిత్రములలో నొకదాని పుట్టుక తెలిసికొనదగినది. ద్విచక్రవాహనముపై వచ్చినవారు వీధిలో ఆడుకొనుచున్న బిడ్డను ఎత్తుకొనిపోవుట అందులో కనబడును. అది కరాచీనగరమున పిల్లల రక్షణను గూర్చి జనులను హెచ్చరించుటకు తీసిన నాటకచిత్రము. అసలు చిత్రమున చివర వారే బిడ్డను తిరిగి తెచ్చి దింపి, జాగ్రత్త యని పలక చూపుదురు. ఎవరో ఆ చివరిభాగమును కత్తిరించిరి. మిగిలినది ఊళ్లమీద పడినది.

దీనిని వినినప్పుడు నాకు ద్రోణపర్వము తలపునకు వచ్చినది. పదునైదవనాడు భీముడు అశ్వత్థామ యను పేరుగల యేనుగును చంపి, అశ్వత్థామ చచ్చెనని కేకవేసెను. ద్రోణుడు నమ్మలేదు. నమ్మక, సత్యసంధుడని తానెరిగిన ధర్మరాజు నడిగెను. వార్త వినినవాడు చేయవలసిన పనినే ఆ వృద్ధుడు చేసెనని మనవి. అయినను మోసపోయెను, ధర్మరాజు ఏనుగను మాటను వినబడకుండ మెల్లగా అనెను గదా. కరాచీ చిత్రము చివర కత్తిరింపబడిన ముక్కయు ఆ మెల్లగా అనిన మాటయు ఒక జాతివే. పూర్తిగా అబద్ధమైన వార్తను పదిమందిలో ఎవడో యొకడు పట్టుకొనును. సగము నిజమైనదే యాయుధము.

అయితే అదే పుకారు, అదే సంవత్సరము, మన గద్వాల, వనపర్తి జిల్లాలలోను వ్యాపించినది. అచ్చట నాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు ఊరూరికి ఒక పోలీసువానిని నియమించి, ప్రజలతో కలిసి మాటాడుచుండవలెనని యేర్పాటు చేసిరి. దండోరా వేయించిరి, పాటలు కట్టించి పాడించిరి. సందేశము వచ్చిన వెంటనే దానిని నలుగురిలో పెట్టి, ఇది నిజమా యని విచారించు నలవాటు చేసిరి. ఆ పుకారునకు ఆ జిల్లాలలో ప్రాణము బలికాలేదు. ఘోరవార్తలను గూర్చి మాటాడరాదను నా మిత్రులకు నేను చూపునది ఈ సాక్ష్యమును. ఎవరికివారు తలుపు మూసికొని ఫోను చూచుకొన్నచోట పుకారు పెరిగినది. డప్పు మ్రోగించి, అందరి యెదుట పెట్టి ప్రశ్నించినచోట చచ్చినది. ఆ జూలై మాసముననే వాట్సాప్ సంస్థవారు ఒక సందేశమును మన దేశమందు ఒక్కమారు అయిదుచోట్లకు మించి పంపరాకుండ హద్దు పెట్టిరి. అది మంచిపనియే, కాని అయిదుగురు తిరిగి తలకొక అయిదుగురికి పంపినచో లెక్క ఎంతకు పోవునో మూడవతరగతి పిల్లవాడు చెప్పగలడు.

పిల్లల మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పెదను. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి మొదలైన బొంబాయి మారణకాండ మూడుదినములు సాగి 166 మంది ప్రాణములు గొన్నది. అప్పుడు నేను పాఠశాలలో పనిచేయుచుంటిని. మరునాడు పిల్లలు తరగతిలో కూర్చుండిరే గాని వారి మనసు తరగతిలో లేదు. రాత్రియెల్ల టెలివిజను చూచివచ్చినవారే సగము. నేను సమాసములపాఠము నాపి, మీరేమి చూచితిరో చెప్పుడంటిని. మొదట నెవరును పలుకలేదు. పిదప అందరు నొక్కమారే పలికిరి. ఒక పిల్లవాడు, "అయ్యవారూ, వాళ్లు మన ఊరికి గూడ వస్తారా?" అని అడిగెను. ఆ ప్రశ్న వాని కడుపులో రాత్రియంతయు నుండినది. మాటాడరాదని నేను గద్దించియుండినచో అచ్చటనే యుండిపోయెడిది.

కొన్నాళ్లకు ఛత్రపతి శివాజీ టెర్మినసు రైలుస్టేషనులో ప్రకటనలు చేయు విష్ణు ఝేండేగారి వృత్తాంతము తెలియవచ్చినది. తుపాకులు మ్రోగుచుండగా ఆయన తన గదిని విడువక, వెనుకద్వారమున వెడలిపొండని ధ్వనివర్ధకమున మరల మరల చెప్పి ఎందరినో కాపాడెను. హంతకులు ఆయన గదివైపునకు కాల్చిరి గూడ. ఇది నేను పిల్లలకు చెప్పితిని. పిదప వారాలకొలది వారు ఆడిన ఆటలో తుపాకివానికంటె మైకువాడే పెద్దవేషమైనాడు. రేడియోలో మాటాడుచున్నాను గనుక ఈ కథపై నాకు కొంచెము పక్షపాతముండిన నుండవచ్చును.

ఆ మూడుదినములే మరియొక పాఠమును నేర్పినవి. కమాండోలు ఎక్కడ దిగుచున్నారో టెలివిజనువారు ఉన్నదున్నట్లు చూపుచుండగా, సరిహద్దు కావల కూర్చున్న కుట్రదారులు దానిని చూచుచు లోపలి హంతకులకు ఫోనులో ఆనతులిచ్చిరి. 2012లో సుప్రీంకోర్టు తన తీర్పునందు ఆ ప్రసారములను తీవ్రముగా తప్పుపట్టినది. 2015లో, ఇట్టి చర్యలు నడచుచుండగా ప్రత్యక్షప్రసారము కూడదనియు, నియమితుడైన అధికారి అప్పుడప్పుడు చెప్పునదే ప్రకటింపవలెననియు నిబంధన వచ్చినది. చెప్పుట వేరు, చూపుట వేరు. 2019 మార్చి 15వ తేదీన న్యూజీలాండున క్రైస్ట్‌చర్చి నగరపు రెండు మసీదులలో 51 మందిని చంపినవాడు తన కృత్యమును తానే చిత్రించి లోకమునకు ప్రసారము చేసెను. తొలి 24 గంటలలోనే ఆ చిత్రపు ప్రతులను 15 లక్షలు తొలగించితిమని ఫేస్‌బుక్ వారు చెప్పిరి. చచ్చినవారిలో మన హైదరాబాదువారును కలరు. ఆ దేశపు ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో నిలిచి, వాని పేరును తానుచ్చరింపనని చెప్పెను. ఆమె ఆ ఘోరమును గూర్చి మాటాడుట మానలేదు. తుపాకుల చట్టమును మార్పించినది గూడ. పేరొకటి మానినది. ఆ విడదీయు నేర్పు మన గోష్ఠులకు గావలెను.

మాటాడుటవలన ప్రయోజనమేమి యని యడుగువారికి ఒక పాతసంగతి. 1972లో మహారాష్ట్రమున ఒక గిరిజనబాలికపై పోలీసుఠాణాలోనే అత్యాచారము జరిగెను. 1978లో సుప్రీంకోర్టు నిందితులను విడిచిపెట్టినది. మరుసటియేడు నలుగురు న్యాయశాస్త్రోపాధ్యాయులు ప్రధానన్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. దానిపై దేశమంతట చర్చ రేగి, 1983లో చట్టము మారినది. విచిత్రమేమనగా, ఆ సవరణచట్టమే అట్టి బాధితురాలి పేరు ప్రకటించుట నేరమనెను. చర్చనుండి పుట్టిన చట్టము చర్చకు హద్దు గీచినది! మరణించినవారి విషయమునను ఆ నియమము వర్తించునని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టము చేసెను. నేడది భారతీయ న్యాయ సంహిత 72వ విభాగమున కలదు.

అట్లు స్పష్టము చేసిన యేడాదికే, 2019 నవంబరు చివర, హైదరాబాదు శివార్లలో ఒక యువవైద్యురాలిపై జరిగిన ఘోరమును మీరు మరచియుండరు. ఆమె పేరును ఛాయాచిత్రమును జాలితోనే పంచుకొన్నవారెందరో. అది నేరమని వారికి తెలియదు. డిసెంబరు 6వ తేదీన నిందితులు నలుగురు పోలీసుల తుపాకులకు చచ్చిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ సంఘము వారి నివేదిక 2022లో బయటికి వచ్చినది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనియు, చంపు నుద్దేశముతోనే కాల్చిరనియు అందు కలదు. పూలు చల్లిన దినమున జరిగినంత చర్చ నివేదిక వచ్చిన దినమున జరుగలేదు. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు భీముని కౌగిలించుకొందునని పిలువగా, కృష్ణుడు ఇనుపబొమ్మను ముందుకు త్రోసెను. రాజు దానిని నుగ్గుచేసి, తానును రక్తము గ్రక్కి, పిదప "అయ్యో భీమా" యని యేడ్చెను. అప్పుడు కృష్ణుడు కలడు గనుక భీముడు బ్రతికెను. ఊరిజనుల కౌగిలికి ఇనుపబొమ్మను అందించువారెవరు? కోర్టు ఒక్కటియే. అది తీరికగా పనిచేయుచున్నదని మనము విసుగుకొందుము. విసుగునకు కారణము కలదు. కాని ఇనుము చల్లగానే యుండవలెను.

చనిపోయినవారి ఇంటికి పోవుటను మనవారు పరామర్శ యందురు. పూర్వపు పెద్దలు వెళ్లి, చాపమీద కూర్చుండి, చాలసేపు ఏమియు పలుకక, లేచి వచ్చెడివారు. హింసలో కుమారుని పోగొట్టుకొన్న యొక తల్లి నాతో అనినది: వచ్చినవారందరు ఎట్లు పోయెనని యడిగిరట గాని, ఆ పిల్లవాడు ఎట్టివాడని యొక్కరును అడుగలేదట. నేనడిగితిని. గంటసేపు చెప్పినది. వానికి కాకరకాయ యిష్టమట. అట్టి పిల్లవానిని నేను వేరొకనిని చూడలేదు.

స్త్రీపర్వమున గాంధారి చేసిన దదియే. వ్యాసప్రసాదమున రణభూమిని చూచి, పడియున్నవారిని పేరుపేరున కృష్ణునకు చూపెను. తన కొడుకులనేగాదు, అభిమన్యుని, వానిపై బడి యేడ్చుచున్న ఉత్తరను గూడ చూపెను. తరువాత అందరును గంగకు పోయి, చచ్చినవారి పేరు చెప్పి నీళ్లు విడుచుచుండిరి. అప్పుడు కుంతి నోరు విప్పి, కర్ణునకు గూడ విడువుడు, ఆతడు మీ యన్నయని చెప్పెను. అన్ని యేండ్లు దాచినమాట. ధర్మరాజు కుప్పకూలెను. ఇది ముందే తెలిసియుండినచో ఈ కులక్షయమే జరిగియుండదు గదా యని వగచెను. ఆ దుఃఖముననే, ఇకమీదట స్త్రీల కడుపున రహస్యము దాగకుండుగాక యని శపించెను. ఆడుదాని నోట నువ్వుగింజ నానదను సామెతకు మనవారు ఈ కథనే చెప్పి నవ్వుదురు. నలుబదియేండ్లు భారతము చెప్పినవాడను. అది శాపమని నాకెన్నడును తోచలేదు.