నేలలోని సీసం: మూలం, జైవలభ్యత

ఆస్ట్రేలియాలో 1883లో ఖనిజ నిక్షేపం బయటపడిన బ్రోకెన్ హిల్ పట్టణంలో, శతాబ్దానికి పైగా సాగిన గనుల తవ్వకం వల్ల ఇళ్ల చుట్టూ ఉన్న మట్టిలో సీసం పేరుకుపోయింది. అది గని నుంచి వచ్చిందా, పాత రంగుల నుంచా, పెట్రోలు పొగ నుంచా అని తేల్చడానికి శాస్త్రజ్ఞులు ఐసోటోపులను, అంటే ఒకే మూలకానికి చెంది భారంలో మాత్రం తేడా ఉన్న పరమాణువులను, ఆధారం చేసుకుంటారు. సీసపు స్థిర ఐసోటోపులు నాలుగింటిలో, వాటి భారాన్ని సూచించే సంఖ్యలతో చెప్పాలంటే, 204 పరిమాణం మారకుండా ఉండగా, 206, 207 యురేనియం నుంచీ, 208 థోరియం నుంచీ నిరంతరం పుడుతుంటాయి కనుక, ఖనిజం ఏర్పడిన కాలాన్ని బట్టి వాటి నిష్పత్తి మారి, కరిగించినా కాల్చినా చెదరని గుర్తుగా నిలుస్తుంది. బ్రోకెన్ హిల్ ఖనిజంలో 206, 207ల నిష్పత్తి సుమారు 1.04 కాగా, ఆ దేశపు పెట్రోలులోనూ ఈ గని సీసమే కలిసినందువల్ల, రేణువుల రూపాన్ని కూడా సూక్ష్మదర్శినితో పరిశీలించవలసి వచ్చింది.

మూలం తెలిసినంత మాత్రాన ప్రమాదం తెలియదు. మింగిన సీసంలో రక్తంలోకి చేరే భాగాన్ని జైవలభ్యత అంటారు. గెలీనా అనే సల్ఫైడు ఖనిజం కడుపులోని ఆమ్లంలో కొద్దిగానే కరగగా, కార్బొనేటు రూపం సులువుగా కరుగుతుంది. రేణువు ఎంత సన్నగా ఉంటే కరగడం అంత పెరుగుతుంది. అందుకే జఠరరసాన్ని పోలిన ఆమ్ల ద్రావణంలో, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద మట్టిని కలిపి, ఎంత సీసం కరిగిందో కొలుస్తారు. ఫాస్ఫేటు కలిపిన నేలలో సీసం పైరోమార్ఫైటు అనే దాదాపు కరగని ఖనిజంగా మారగలదు. పెద్దలకన్నా పిల్లల శరీరం సీసాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది, దానివల్ల వారి మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది కాబట్టి, వారు ఆడుకునే నేలలో మొత్తం సీసంతో పాటు కరిగే సీసాన్నీ కొలవడం తప్పనిసరి.