చేపల తొట్టి - నియమము, వివేకము



ప్రభుత్వ క్వార్టర్లలో ఆవునకు చోటులేదు, పూలతోటకు చోటు చాలదు. కిటికీప్రక్క బల్లమీద ఒక గాజుతొట్టికి మాత్రము చోటు దొరకును. పిల్లలు కోరుదురు, తండ్రి కొనితెచ్చును, దుకాణదారుడు తొట్టితోపాటు కొన్ని సూత్రములను ఉచితముగా నిచ్చును: గాలను నీటికి అంగుళము చేప, వారమునకొకసారి నాలుగవవంతు నీటి మార్పు, రెండు నిమిషములలో తినగలిగినంత మేత. పది దినములు గడచునప్పటికి రెండు చేపలు చచ్చి తేలును, పిల్లలు ఏడ్తురు. తప్పు నియమములో నున్నదా, పాటించినవారిలో నున్నదా యను వివాదము ఇంట మొదలగును. 1922 నుండి అమలులోనున్న ఫండమెంటల్ రూల్సుతో కాపురము చేయువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఏ రూలునకు సడలింపు గలదు, దేనికి లేదు అని యెరుగుటయే గదా కచేరీలో అనుభవమనిపించుకొనుట!

అంగుళము సూత్రమును చూడుడు. పది గాలనుల తొట్టిలో అంగుళము పొడవుగల బంగారుచేప పిల్లలు పదింటిని ఉంచవచ్చునని అది చెప్పును. పదంగుళముల బంగారుచేప నొకదానిని ఉంచవచ్చుననియు అదే చెప్పును. కాని ఆకారము మారక పొడవు పదింతలైనచో బరువు 1,000 ఇంతలగును. అనగా ఆ యొక్క చేపయే పది పిల్లలకంటె 100 ఇంతల బరువు. అది తినునదెంత, విసర్జించునదెంత! మరియు ప్రాణవాయువు ముఖ్యముగా నీటి పైతలమునుండి లోనికి దిగును. ఎత్తైన సన్నని జాడీకంటె వెడల్పైన తొట్టి మేలు. గాలనుల లెక్కలో ఈ భేదము కనబడనే కనబడదు. డానియోలవంటి సన్నని చిన్నచేపలకు ఈ సూత్రము ఒక మోటు కొలతగా పనికివచ్చును; అంతకుమించి దానిని నమ్మరాదు.

ఈ విద్య పరిశీలనతోనే పుట్టినది. 1850లో రాబర్టు వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఒక పాత్రలో నుంచిన తన ప్రయోగమును వివరించెను. మొక్క ప్రాణవాయువు నిచ్చెను. కాని దాని ఆకులు కుళ్ళి నీరు చెడసాగెను. అది గమనించి ఆయన ఆ కుళ్ళును తినుటకు నీటినత్తలను దింపెను. నీరు తేటపడెను.

అయితే కంటికి కనబడని విషయమున కన్ను సాక్ష్యము చెల్లదు. చేప మొప్పలనుండియు, మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. మొదటి రెండును విషములు; మూడవదాని హాని చాల తక్కువ. ఈ జీవులు ఇసుకలోను, ఫిల్టరులోను నిలదొక్కుకొనుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. తొట్టి పెట్టిన వారమునకు నీరు అద్దమువలె నుండి, అందే విషము నిండియుండవచ్చును. నీరు పి.హెచ్. 7 నుండి 8కి పెరిగినచో అమోనియాలో విషరూపమున నుండు భాగము సుమారు పదింతలగును. దీనిని పరీక్షయే చెప్పవలెను. "నీరు తేటగా నున్నది గదా" యని ఇరువది చేపలను ఒక్కసారిగా దింపుట వివేకము కాదు, తొందర.

శుభ్రత పేరిట జరుగు హింస మరొకటి గలదు. ఆదివారమునాడు ఇంటిల్లిపాది పూనుకొని ఇసుకను, ఫిల్టరు స్పాంజిని కుళాయిక్రింద తళతళలాడునట్లు కడుగుదురు. కుళాయినీటి క్లోరిను ఆ సూక్ష్మజీవులను చంపును. సోమవారమునకు తొట్టి మరల క్రొత్తదే! స్పాంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను.

ఢిల్లీ వేసవిలో నియమము, వివేకము రెండును కావలెను. 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే. నీరు వేడెక్కినకొలది చేపకు అవసరము మాత్రము పెరుగును. చేప పైకివచ్చి నోరు తెరచినచో నీరు మార్చుమని సూత్రము. కాని మధ్యాహ్నము మేడమీది ట్యాంకునుండి దిగు నీరు చేయి కాల్చును! ముందు ఏ చేప నోరు తెరచుచున్నదో చూడవలెను. గౌరామి, ఫైటరు చేపలకు పైగాలిని పీల్చు అవయవము గలదు. అవి అప్పుడప్పుడు పైకివచ్చుట సహజము. కొరమీనునెరిగిన తెలుగువారికి ఇది వింత కాదు. బంగారుచేపలు గుంపుగా పైనే నిలిచినచో ఆపద యని తెలియవలెను. తెల్లవారుజామున మాత్రమే యట్లున్నచో, రాత్రి మొక్కలు కూడ ప్రాణవాయువును వాడుకొనుట కారణము కావచ్చును. దినమంతయు వీడనిచో నీటిని పరీక్షింపవలెను. ఈలోగా గాలిపంపు నడుపుటవలనను, మేత మానుటవలనను నష్టము లేదు. ఆరోగ్యముగల పెద్దచేప రెండుమూడు దినములు మేత లేకున్నను బ్రతుకును.

సెలవుమీద స్వగ్రామము పోవునప్పుడు తొట్టిని పొరుగువారి కప్పగింతురు. వారు దయగలవారు, చేప అద్దమువద్దకు వచ్చినప్పుడెల్ల ఆకలియని తలచి చిటికెడు వేయుదురు. వారికి వివేకమును అప్పగింప వీలులేదు, నియమమునే అప్పగింపవలెను. ఏనాటి మేత ఆనాటికి కాగితపు పొట్లముగా కట్టి, తేదీ వ్రాసి యిచ్చి, మేతడబ్బాను అలమారాలో పెట్టి తాళము వేయవలెను.