నీళ్ళమీద రంగు, కారుమీద హంగు



పండుగలకు పళ్ళెంలో నీళ్ళు పోసి, వాటిమీద ముగ్గు తేలించిన చేతులు మనవి. 17వ శతాబ్దంలోనే బిజాపూరు చిత్రకారులు నీళ్ళమీద రంగులు తేలించి కాగితానికి ఎక్కించారు. ఇప్పుడు మా పీర్జాదిగూడ పిల్లలు రిమోటు కారు పైడొప్పకు అదే చేద్దామంటున్నారు. దీన్ని హైడ్రో డిప్పింగ్ అంటారు. ఫ్యాక్టరీల్లో అయితే డిజైను అచ్చువేసిన, నీళ్ళలో కరిగే పల్చని పొర వాడతారు. ఇంట్లో స్ప్రే రంగు చాలు. కొత్త కారు కొనడంకన్నా నయమే కదా! పిల్లలకు మాత్రం వదిలెయ్యకండి.

డొప్ప ఊడదీసి, బ్యాటరీ ఉన్న అడుగుభాగాన్ని దూరంగా పెట్టండి. డొప్పను సబ్బుతో కడిగి, ఆరాక సన్నరకం గరుకుకాగితంతో పైపైన రుద్దండి. జిడ్డుంటే రంగు పట్టదు. పాత బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు నింపి, జానెడు ఎత్తునుంచి రెండు మూడు రంగులు చల్లి, చీపురుపుల్లతో ఒక్కసారి తిప్పండి. రబ్బరు తొడుగులు వేసుకుని, డొప్పను ఏటవాలుగా, నెమ్మదిగా ముంచండి. పైకి తీసేముందు మిగిలిన రంగుపొరను పాత పేపరుతో పక్కకు లాగెయ్యాలి. కిటుకంతా ఇక్కడే ఉంది. లేకపోతే పైకి వచ్చేటప్పుడు రెండో పొర అంటుకుని అంతా అలుక్కుపోతుంది.

అద్దంలా కనిపించే పాలికార్బొనేట్ డొప్పలకు ఈ స్ప్రే వద్దు. వాటికి వేరే రంగు ఉంది, అదీ లోపలివైపు వేస్తారు.

వంటింట్లో, స్టౌ దగ్గర వద్దేవద్దు. ఆ ఆవిరికి మంట అంటుకుంటుంది. ఫ్లాట్లలో ఉండేవాళ్ళు మేడమీదికి వెళ్ళండి. మిగిలిన నీళ్ళు సింకులో పొయ్యకండి. మన కాలువలు చివరికి చేరేది మూసీకే. రంగును పేపరుతో తేర్చేసి, నీళ్ళను ఎండలో ఇగరనివ్వండి.

ఆరడానికి ఒక రోజు పడుతుంది. ఈలోగా పిల్లవాడు గంటకోసారి ముట్టి చూస్తాడు, జాగ్రత్త! ఏ రెండు డొప్పలకూ ఒకే అల్లిక రాదు. ఇంట్లో ఇద్దరు మగపిల్లలుంటే "వాడిదే బాగుంది" అనే పేచీ మీరే తీర్చుకోవాలి.