జ్ఞానపు కాలువ – చివరి ఆయకట్టు
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభదినమున, విద్య ఊరినుండి ఊరికి చేరు మార్గమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవపైనుంచి, కృష్ణా కాలువ వెంట పల్లెలకు పంపిరి. నేడు ఆ పనిని ఆప్టికల్ ఫైబరు అను సన్నని గాజుతీగ చేయుచున్నది. దానిలో అక్షరములు వెలుగు రూపమున పరుగిడును.

1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ, ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో, విద్యాపరిశోధనాలయములను కలుపుటకు ‘ఎర్నెట్’ను ఆరంభించెను. 1991లో ఢిల్లీ, బొంబాయిల నడుమ వేసిన తీగ వేగము సెకనుకు 9.6 కిలోబిట్లు మాత్రమే. 2010లో కేంద్ర మంత్రివర్గము 5,990 కోట్ల రూపాయల అంచనాతో ‘నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్కు’నకు ఆమోదము తెలిపెను. అందు వేగము గిగాబిట్లలో లెక్కింపబడును. నాడు ఒక పగలు, ఒక రాత్రి పట్టు పని ఒక గిగాబిట్ తీగపై ఒక్క సెకనులో ముగియును.

తీగ వచ్చినను, చదువదగిన పత్రికల వెల అధికము. కావున 2024 నవంబరులో ప్రభుత్వము ‘ఒకే దేశము – ఒకే చందా’ పథకమును అంగీకరించెను. మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పరిశోధన పత్రికలు. 6,300 పైచిలుకు సంస్థలు. 2025 జనవరినుండి ఇది అమలులోనికి వచ్చినది.

ఇది పండితుల వ్యవహారము, మనకేల యని కొందరనవచ్చును. మన పత్తికాయను తొలుచు గులాబిరంగు పురుగును గూర్చిన పరిశోధనలు అట్టి పత్రికలలోనే వెలువడుచున్నవి. కాని పథకము ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకును, కేంద్ర పరిశోధనా సంస్థలకును ఉద్దేశింపబడినది. గ్రామ గ్రంథాలయము అందు లేదు. ప్రధానకాలువ నిండుగ పారినను, పిల్లకాలువ పూడినచో చివరి ఆయకట్టు ఎండును. తుంగభద్ర దిగువకాలువ నెరిగిన మనకు ఇది ఒకరు చెప్పవలసిన మాట కాదు.

2011లో గ్రామపంచాయతీలన్నిటికి గాజుతీగ వేయు పథకమునకు ఆమోదము లభించెను. అది నేడు భారత్‌నెట్ అని పిలువబడుచున్నది. తీగ పంచాయతీ కార్యాలయముకడ ఆగినచో చదువరికి ఫలమేమి? అది గ్రంథాలయపు బల్లవఱకు రావలయును. ఇది యాచన కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాము. చెల్లించువారికి అడుగు హక్కు కలదు.

మనవంతు కర్తవ్యమును కలదు. ప్రభుత్వ కళాశాలలలో చదువు మన పిల్లలకు ఆ పత్రికల ద్వారము తెరువబడియున్నది. వారు నెలకొక్క వ్యాసమైనను చదివి, దాని సారమును తెలుగునను, కన్నడమునను వ్రాసి ఇచ్చట గోడకు అంటింపవలెను. ఆంగ్లము రాని రైతు దానిని చదువుకొనును. చదువురానివానికి ప్రక్కవాడు చదివి వినిపించును.

రజతోత్సవము జరుపుకొను ఈ సంఘము ఈ రెండు పనులను నేడే తీర్మానించుగాక యని కోరుచు, సెలవు గైకొనుచున్నాను.