పాత ల్యాప్‌టాప్‌తో మళ్ళీ ఒకటో తరగతి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మాది ధర్మవరం. హిందూపురంలో మేనత్త ఇంట్లో ఉండి ఈ బడిలో చదువుకున్నాను. ఇప్పుడు పెనుకొండ దగ్గర మెకానికల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. యాభై దాటాక మళ్ళీ ఒకటో తరగతిలో చేరిన సంగతి చెబుతాను.

2010లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో మూలన పడి ఉండేది. 2 జీబీ ర్యామ్. ఆన్ చేసి, కాఫీ తాగి వచ్చినా పనికి సిద్ధమయ్యేది కాదు. పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామంటే మా అబ్బాయి, "లైనక్స్ వేసి చూడు నాన్నా" అన్నాడు. డెబియన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మొదలుపెట్టాను.

ఏ డిస్కులో వేయాలని అడిగింది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రెండు పేర్లు. తెలియకపోయినా తెలిసినట్టే ఒకటి నొక్కాను. అది పక్కన తగిలించిన బయటి డిస్కు. మా నాన్న మగ్గం మీద కూర్చున్న ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు. ఫోటోలూ పోయాయి.

తప్పు యంత్రానిది కాదు. ఇంజనీరునన్న బింకం నన్ను అడగనివ్వలేదు. "అర్థం కాకపోతే చెయ్యెత్తరా" అని ఇక్కడ లెక్కల సారు అనేవారు. ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది.

రెండోసారి అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. బయటి డిస్కు తీసేశాం. లోపలి డిస్కును ముట్టుకోకుండా ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాం. తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ తెరను ఎంచుకున్నాం. వైఫై పట్టలేదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి, కావలసిన డ్రైవర్ దించుకున్నాం. పాత హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టాక వేగం పెరిగింది.

ఇక ఆ నల్లటి తెర. ఎల్‌ఎస్ అంటే ఫైళ్ల జాబితా చూపిస్తుంది. మ్యాన్ అని కొట్టి పక్కన ఆజ్ఞ పేరు రాస్తే, దాని వివరమంతా చెబుతుంది. నాకు నాన్న జకార్డు మగ్గం గుర్తొచ్చింది. అట్టలో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్ట తప్పితే అంచులో బుటా తప్పుతుంది. ఇదీ అంతే, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది.

అసలు యూనిక్స్ పుట్టిందే పాత యంత్రం మీద. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ దాన్ని మొదట రాసింది, ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 మీద. 1991లో లైనక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో విద్యార్థి. ఇంట్లో ఉన్న పీసీ మీదే రాశాడు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని మంచి కంప్యూటర్లు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. వాటిని బడికి ఇవ్వండి. బ్యాటరీ ఉబ్బినవి మాత్రం వద్దు. ఆదివారాలు పెనుకొండ నుంచి రైలెక్కి నేను వస్తాను. పిల్లలతో కలిసి కూర్చుంటాను, తెలియనిచోట నేనూ చెయ్యెత్తుతాను.

ఇచ్చేముందు మీ ఫోటోలు వేరేచోటికి కాపీ చేసుకోండి. ఈ ఒక్క మాట మరవకండి. సెలవు.