నోటీసు ఏది? ఫొటో ఏది?
(శంషాబాద్‌లో డ్రైవర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఎయిర్‌పోర్టు కింద సుమారు 5,500 ఎకరాలు పోయినయి. 2008 మార్చి 23 నుంచి ఇక్కడ విమానాలు దిగుతున్నయి. భూమి పోయినోళ్ల పిల్లలు చానామంది స్టీరింగు పట్టిన్రు. దినమంతా బండి నడిపితే మిగిలేది ఎంతో మీకు నేను చెప్పాల్నా? దాంట్లకెళ్లి తప్పు చెయ్యని జరిమానా కడితే ఇంట్ల పొయ్యి ఎట్ల వెలుగుతది?

నా ముచ్చటే చెప్త. తనిఖీలో బండి ఆపిన్రు. నంబరు కొడితే పాత రాంగ్ పార్కింగ్ చలాన్ బయటపడ్డది. "నోటీసు రాలేదు సార్" అంటే "ముందు కట్టు" అన్నరు. ఇంటికి పోయి ఫొటో తెరిచి చూస్తే బండి రంగే వేరు! నంబరులో ఒక్క అంకె తప్పు చదివిన్రు. నా ఆర్సీ, నా బండి ఫొటో జతచేసి ఫిర్యాదు పెట్టిన. చలాన్ తీసేసిన్రు. అడగకుంటే కట్టేటోణ్నే.

చట్టం ఏమంటదో వినుర్రి. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ చేర్చిన్రు. కెమెరాతో పట్టిన తప్పుకు 15 రోజుల్ల నోటీసు పంపాలె అని అందులో రాసిన్రు. నంబరు ప్లేటు కనిపించే ఫొటో, తేదీ, సమయం, జాగ చూపాలె అన్నరు. గడువు దాటంగనే చలాన్ దానంతటదే రద్దు కాదు. కానీ కోర్టుల అది మన వాదన.

ఇంకొకటి. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటినంక కోర్టు విచారణకు తీసుకోరాదు. పాత సీఆర్‌పీసీ 468 చెప్పిందీ, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం 514 చెప్పేదీ అదే. సరైన కారణముంటే జాప్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉన్నది. అది కూడా మరువొద్దు.

మన తప్పు కూడా ఒప్పుకోవాలె. ఇల్లు మారితే 30 రోజుల్ల ఆర్సీల అడ్రసు మార్చాలె. నా నోటీసు పాత కిరాయింటికి పోయింది. సరైన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టుల పంపితే అందినట్టే లెక్క, అందలేదని మనమే రుజువు చెయ్యాలె. ఫోన్ నంబరు కూడా సరిచేసుకోర్రి.

ముందుగాల ఎవరు వేసిన్రో చూడుర్రి. ఎయిర్‌పోర్టు లోపటి పార్కింగ్ రశీదు వేరు, పోలీసు చలాన్ వేరు. ఫొటో చూడుర్రి. తప్పుంటే రాసి ఇయ్యుర్రి, నకలు దాచుకోర్రి. వినకపోతే కోర్టుకు పోతమని చెప్పుర్రి. ఒక్కసారి కడితిమా, రాజీ పడ్డట్టే. ఇగ కొట్లాడేదేం మిగలదు.

2022 మార్చిలో బైకులకు 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం రాయితీ ఇచ్చిన్రు. జనం లైను కట్టిన్రు. తప్పు చేసినోనికి అది మేలే. చెయ్యనోడు రూపాయి కట్టినా అన్యాయమే.

తప్పు చేస్తే కడదాం. చెయ్యకుంటే అడుగుదాం. అడుగుడు నేరం గాదు.